ప్రభువు చూస్తున్నాడు

హల్లెలూయాకి ఒళ్ళు మండిపోతోంది. ఇవాళా నిన్నా కాదు, మేనేజరు ఆ కార్డు పీకేసిన రోజు నుంచీ మండుతూనే ఉంది.

కార్డంటే మహా పెద్దదేం కాదు, అరచేతి అంత అట్టముక్క. దాని మీద నీలం స్కెచ్ పెన్నుతో, గుండ్రటి అక్షరాల్లో 'ప్రభువు చూస్తున్నాడు' అని తన చేత్తో రాసుకుని, పనిలో తను నిలబడే చోట గోడకి అంటించుకుంది. అంతే. దానికి మేనేజరు స్వయంగా ఆఫీసు గది వదిలి, ఆవిరిలో చెమటలు కక్కుకుంటూ వచ్చి, గోరుతో గీకి మరీ తీశాడు.

"మీ నమ్మకాన్ని నేను గౌరవిస్తానండి," అన్నాడు గీకుతూనే. "కానీ ఇక్కడ రకరకాల వాళ్ళు పనిచేస్తారు. ఏ దేవుడి రాతా గోడ మీద వద్దు. అందరికీ ఒకటే రూలు."

గౌరవిస్తాడట! ఆ మాటకే ఆమెకి ఎక్కువ మండింది. తిట్టినా బాగుండేది. విశ్వాసం కోసం నాలుగు తిట్లు తినడానికి ఆమె చిన్నప్పటి నుంచీ నడుం బిగించుకునే ఉంది. తీరా చూస్తే తిట్టేవాడే కరువయ్యాడు. ఈ కాలంలో ఎవరూ కాదనరు, ఎవరూ ఔననరు. "నీకు మనశ్శాంతిగా ఉందా అక్కా? అయితే మంచిదే," అంటారు, మోకాళ్ళ నొప్పికి ఏదో నూనె రాసుకుంటున్నానని చెప్పినట్టు. దూదిపరుపుని గుద్దినట్టుంటుంది ఆ మాటలతో. ఎంత గుద్దినా ఏదీ తగలదు, గుద్దినవాళ్ళకే ఆయాసం.

ఆమెకి అసలు పేరు వేరే ఉంది గానీ, ఆ లాండ్రీలో అది జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ప్రతిదానికీ హల్లెలూయా అంటుందని ఎవరో ఎగతాళిగా ఆ పేరు పెట్టారు. ఆమె ఉడుక్కోకపోగా బిరుదిచ్చినట్టు మురిసిపోయేసరికి, పెట్టినవాళ్ళకే విసుగుపుట్టి ఎగతాళి మానేశారు. పేరు మాత్రం మిగిలిపోయింది.

ఆసుపత్రులవీ హోటళ్ళవీ దుప్పట్లు బండ్ల కొద్దీ వచ్చి పడే లాండ్రీ అది. ఒక గదిలో మురికివి విడదీస్తారు, ఇంకో గదిలో ఉతుకుతారు, చివర హాల్లో పెద్ద ఇస్త్రీ యంత్రం ఉంటుంది. మనిషి నడుం కన్నా లావు రోలరు, లోపల సెగ, తిరుగుడే తిరుగుడు. తడి దుప్పటిని ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొస పట్టుకుని, ఒక్క విదిలింపు విదిలించి, బిగువుగా లాగి ఆ రోలరుకి అందించాలి. ఇద్దరూ ఒక్క ఊపులో ఉండాలి. ఒకరు ముందూ ఒకరు వెనకా అయ్యారంటే దుప్పటి వంకర పోతుంది, ఆ వెంటనే సూపర్‌వైజరు నోరు లేస్తుంది.

హల్లెలూయాకి ఎదురుగా, అవతలి కొస పట్టుకునే పిల్ల పేరు లాజిక్కు. అది కూడా పెట్టిన పేరే. ఏం చెప్పినా "దీంట్లో లాజిక్ ఏంటి?" అంటుంది కాబట్టి. ముప్ఫై నిండని మనిషి, మంచాన పడ్డ తల్లిని తన ఒక్క జీతంతో నెట్టుకొస్తోంది. దేవుడు లేడని మొహం మీదే చెబుతుంది. లాండ్రీ మొత్తంలో హల్లెలూయాకి నచ్చిన మనిషి ఆ పిల్ల ఒక్కతే. కనీసం కాదనేది, వాదించేది. దుప్పటి అటూ ఇటూ లాగుతూనే ఇద్దరూ ఏళ్ళ తరబడి దేవుణ్ణి కూడా అటూ ఇటూ లాగారు.

"ఈ ఆదివారమైనా రావే మా సంఘానికి," అనేది హల్లెలూయా ప్రతి శనివారం.

"వచ్చి ఏం చెయ్యను అక్కా? నిద్ర వస్తే గురక పెడతాను, మీ వాళ్ళు దయ్యం పట్టిందంటారు," అనేది లాజిక్కు.

కార్డు అంటించిన రోజు కూడా అలాగే చదివి కళ్ళెగరేసింది. "చూస్తున్నాడు, సరే. చూసి ఏం చేస్తాడు? గేటు దగ్గర కెమెరా కూడా చూస్తూనే ఉంటుందిగా."

"నీ నోట్లో నోరు పెట్టలేనమ్మా," అని నవ్వేసింది హల్లెలూయా. ఆ మాట అప్పుడు నవ్వులాటగానే పోయింది.

ఇప్పుడు ఆ యంత్రం గురించి ఇంకొక్క సంగతి చెప్పాలి. రోలరు ముందు అడ్డంగా, వేళ్ళు వెళ్ళే ఎత్తులో ఒక కడ్డీ ఉంటుంది. దాన్ని గార్డు అంటారు. చెయ్యి పొరపాటున దానికి తగిలిందా, రోలరు టక్కున ఆగిపోవాలి. ఆ గార్డు పాతబడి, చెయ్యి తగలకపోయినా దుప్పటి మందం తగిలితే చాలు రోలరుని ఆపెయ్యడం మొదలెట్టింది. ఆగినప్పుడల్లా పని వెనకబడుతోంది, పై నుంచి ఫోన్లు వస్తున్నాయి. సూపర్‌వైజరు నాలుగు రోజులు పళ్ళు నూరి, ఒక ఉదయం చినిగిన దుప్పటి పీలిక తెచ్చి, గార్డుని కదలకుండా కట్టి పడేశాడు. ముడి హల్లెలూయా నిలబడే వైపు, యంత్రం మూత కింద వేశాడు. అవతలి వైపు నుంచి అది కనపడదు. లాజిక్కు అప్పుడు ట్రాలీ తేవడానికి వెళ్ళింది. చూసింది హల్లెలూయా ఒక్కతే.

"మెకానిక్ వచ్చేదాకానే," అన్నాడు సూపర్‌వైజరు. "నీ కార్డు సంగతి మేనేజరుతో మాట్లాడుతున్నాలే. అవుతుంది."

ఆ రెండో మాట పడగానే మొదటి మాట ఆమె బుర్రలోంచి జారిపోయింది. అవును మరి, కార్డు కోసం సంఘమంతా ఉపవాస ప్రార్థన పెట్టుకుంది. అలాంటప్పుడు సూపర్‌వైజరుతో పేచీ ఎందుకు?

ఆ వారంలోనే ఒకరోజు దుప్పటి కొస మడతపడింది. సరిచేద్దామని చెయ్యి చాచేసరికి రోలరు ఆమె గ్లవ్సు వేళ్ళని పట్టేసుకుంది. గార్డు ఆపలేదు, ఎలా ఆపుతుంది, కట్టేసి ఉందాయె. చెయ్యి ఎలా ఊడి వచ్చిందో ఆమెకి ఇప్పటికీ తెలియదు. గ్లవ్సు లోపలికి పోయి అవతల నల్లగా మాడి పడింది. చెయ్యి మాత్రం గీత కూడా పడకుండా ఆమె గుండెల మీద ఉంది. లాజిక్కు అప్పుడు మడతల బల్ల దగ్గర ఉంది, ఏమీ చూడలేదు.

ఆదివారం సంఘంలో పాస్టరు అయ్యగారు "సాక్ష్యం ఎవరైనా?" అనగానే హల్లెలూయా లేచిన లేవడం అందరికన్నా ముందు. చాలా రోజులుగా చెప్పడానికి సరైన సాక్ష్యం దొరక్క లోలోపల కుమిలిపోతోంది పాపం. చెప్పింది, ఊరూ వాడా ఏకమయ్యేలా చెప్పింది. "ఆ గార్డు కట్టేసి ఉంది సహోదరులారా! మనిషి గార్డుని కట్టగలడేమో గానీ, నా ప్రభువు చేతిని కట్టడం ఎవరి తరం?" అనేసరికి హాలు హాలంతా స్తోత్రాలతో దద్దరిల్లింది. ఆరాధన మొత్తం ఎప్పట్లాగే వీడియో తీసి సంఘం గ్రూపులో పెట్టారు.

దద్దరిల్లనిది ఒక్కడే, ఆమె మొగుడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఇంటికి నడుస్తూ, "మరి ఆ గార్డు సంగతి మేనేజరుకి చెప్పావా?" అన్నాడు.

"ప్రభువు మహిమ గురించి నేను చెబుతుంటే, మీకు గార్డు గోలేంటండీ? మీకన్నీ నట్లూ బోల్టులే!" అని కసిరింది. ఆమె కసిరితే ఆయన మాట్లాడడు, అదో అలవాటు.

ఆ తర్వాతి వారంలో అదే రోలరు లాజిక్కు చెయ్యి పట్టుకుంది.

దుప్పటి కొస మడతపడింది, ఆ పిల్ల సరిచేయడానికి చెయ్యి చాచింది. అంతా హల్లెలూయాకి జరిగినట్టే జరిగింది, చెయ్యి ఊడి రావడం ఒక్కటే జరగలేదు. కేక విని హల్లెలూయా ఒక చేత్తో పక్క గోడ మీది ఎర్ర మీట కొట్టింది. రోలరు ఆగింది. జనం మూగేలోపే సూపర్‌వైజరు వచ్చాడు. వచ్చినవాడు ముందు లాజిక్కు వైపు వెళ్ళలేదు. హల్లెలూయా వైపు వచ్చి, వంగి, మూత కింద చెయ్యి పెట్టి, పీలిక లాగి జేబులో కుక్కుకున్నాడు. లేస్తూ ఆమె కళ్ళలోకి చూశాడు. ఆమె చేతిలో ఇంకా ఇవతలి కొస ఉంది. వదిలెయ్యాలని కూడా తోచలేదు.

లాజిక్కుకి కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి.

ఆ తర్వాత రోజుల్లో హల్లెలూయా ప్రార్థన చేద్దామని మోకాళ్ళ మీద కూర్చుంటే నోరు పెగల్లేదు. ఆమెకి కోపంగా ఉంది. సూపర్‌వైజరు మీద, మేనేజరు మీద, నట్లూ బోల్టుల మొగుడి మీద, చివరికి, చెప్పకూడదు గానీ, ప్రభువు మీద కూడా. అందరి మీదా కోపం తిరిగి తిరిగి వచ్చి ఒకే చోట ఆగుతోంది. అక్కడికి రాగానే ఆమె దిగ్గున లేచి గిన్నెలు తోమడానికి వెళ్ళిపోయేది. తోమిన గిన్నెలే మళ్ళీ తోమేది.

కంపెనీ మాట త్వరలోనే బయటికొచ్చింది. గార్డు బాగానే ఉందట. ఆ పిల్లే అజాగ్రత్తగా, గార్డు పైనుంచి చెయ్యి పెట్టిందట. పై ఆఫీసు నుంచి విచారణకి ఒక అధికారి వస్తాడు. తప్పు ఆ పిల్లదని తేలితే ఉద్యోగం పోతుంది. రెండు వేళ్ళు లేని చెయ్యిని, నిర్లక్ష్యం అన్న మచ్చతో సహా, ఇంకే కంపెనీ తీసుకుంటుంది?

విచారణకి ముందు రోజు మేనేజరు హల్లెలూయాని గదికి పిలిచాడు. కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆమె కూర్చోవడం అదే మొదలు.

"చూడండి, ఇక్కడ అందరికీ తెలుసు, మీరు అబద్ధం చెప్పరని," అన్నాడు. "మీ మాటకి ఆ విలువ ఉంది. రేపు ఆ అధికారి అడిగితే, గార్డు ఎప్పటిలాగే ఉన్న చోటే ఉందని చెప్పండి చాలు. అది అబద్ధం కూడా కాదు. గార్డు ఎక్కడికి పోతుంది, ఉన్న చోటే కదా ఉంది?"

ఆమె నోరు తెరవకముందే మేనేజరు సొరుగు లాగి, ఏదో తీసి బల్ల మీద పెట్టాడు. అరచేతి అంత అట్టముక్క. నీలం అక్షరాలు. మూలన ఆయన గోరుగీత.

"ఇది నేను పారెయ్యలేదండి, దాచాను. మళ్ళీ అంటించుకోండి. ఇంకా, భోజనాల టైములో మీవాళ్ళెవరైనా కూర్చుని ప్రార్థన చేసుకుంటామంటే క్యాంటీన్‌లో ఆ మూల బల్ల వాడుకోండి. నాకేం అభ్యంతరం లేదు."

హల్లెలూయాకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఉపవాసాలుండి మరీ అడిగింది ఇదేగా. కార్డు అడిగితే క్యాంటీన్ కూడా కలిపి ఇస్తున్నాడు. ఇచ్చే చెయ్యి ఎవరిదో మాత్రం ఆమెకి అంతు పట్టలేదు. కార్డు తీసుకుని బ్యాగులో వేసుకుంది. ఔనని అనలేదు, కాదని కూడా అనలేదు. బయటికొచ్చాక తన మీద తనకే అసహ్యం వేసింది, ఈ కాలపు మనుషుల్లాగే చేశానని.

సాయంత్రం తిన్నగా అయ్యగారి దగ్గరికి వెళ్ళింది. మొదట కార్డు సంగతి చెప్పింది, తర్వాత క్యాంటీన్ సంగతి. అసలు సంగతి చెబుదామని గుక్క తిప్పుకునేలోపే అయ్యగారి కళ్ళు చెమర్చాయి.

"స్తోత్రం తల్లీ! చూశావా, మన ఉపవాసాలు వృథా పోలేదు. పనిచేసే చోటే ప్రార్థన! ఎంతమంది ఆత్మలు!"

"అది కాదయ్యగారూ, ఇంకో మాట..."

"ఉండమ్మా ఒక్క నిమిషం," అని ఆయన అప్పటికే ఫోను తీసి సంఘం గ్రూపులో పెట్టేశాడు. ఆమె చేతిలో ఫోను టింగుమని, మళ్ళీ టింగుమని, ఆగకుండా మోగింది. స్తోత్రం. స్తోత్రం. దేవునికి మహిమ. చప్పట్ల బొమ్మలు. అయ్యగారు మంచివాడే. పరాయివాళ్ళ కష్టానికి కూడా కన్నీళ్ళు పెట్టుకునే మనిషి. ఆ మంచితనంలోంచి మాట దూర్చడానికి సందు దొరక్క ఆమె పళ్ళు కొరుక్కుంటూ ఇంటికొచ్చింది.

మొగుడు వరండాలో చెప్పులకి మేకు కొట్టుకుంటున్నాడు. జరిగింది మొత్తం ఆయనకి చెప్పేసింది. పీలిక, జేబు, కార్డు, క్యాంటీన్, గ్రూపు. ఆయన సుత్తి పక్కన పెట్టాడు.

"ఇప్పుడేం చెయ్యమంటారు? చెప్పండి! ఎప్పుడూ నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు కూర్చుంటారు!"

"నేను అడగాల్సింది ఆ రోజే అడిగాను కదే," అన్నాడు ఆయన. కోపం లేకుండానే అన్నాడు. "నువ్వు కసిరావు. నేనూ ఊరుకున్నాను. ఇంకోసారి అడిగి ఉండాల్సింది నేను."

ఆమెకి ఆ పూట తినబుద్ధి కాలేదు. ఆయన ఒక్కడే వడ్డించుకుని, ఆయనా సగంలో లేచాడు.

విచారణ మేనేజరు గదిలోనే జరిగింది. అధికారి సన్నగా, కళ్ళజోడుతో, ఎవరి పక్షమూ కాననే మొహంతో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఒక పక్క మేనేజరు, సూపర్‌వైజరు. ఇంకో పక్క లాజిక్కు, చేతికి తెల్లటి కట్టుతో. మొహం పీక్కుపోయింది గానీ కళ్ళు అవే. హల్లెలూయాని చూసి చిన్నగా తలూపింది. నువ్వున్నావుగా అక్కా అన్నట్టు ఊపింది. ఆ తలూపు హల్లెలూయాకి ఎక్కడో గుచ్చుకుంది.

"ఆ రోజు గార్డు పనిచేస్తోందా?" అడిగాడు అధికారి.

"లేదండి. కట్టేసి ఉంది."

మేనేజరు దగ్గాడు. సూపర్‌వైజరు మొహం మాడిపోయింది.

"ఎవరు కట్టారు?"

"ఈయనే. చినిగిన దుప్పటి పీలికతో. నా వైపు, మూత కింద. ఈ పిల్ల చెయ్యి రోలరులో పడ్డాక ఆ పీలిక ఊడదీసి జేబులో పెట్టుకున్నదీ ఈయనే."

"అబద్ధం సార్!" సూపర్‌వైజరు కుర్చీలోంచి లేచాడు. "గోడ మీద దేవుడి కార్డు అంటిస్తే పీకేశామని మా మీద కక్ష ఈవిడకి. నెల నుంచీ గొడవ చేస్తోంది. ఎవర్నైనా అడగండి!"

"ఏం కార్డు?" అన్నాడు అధికారి ఆసక్తిగా. అంతే, ఇక కార్డు పురాణం మొదలైంది. ఎప్పుడు అంటించింది, ఏం రాసింది, మేనేజరు ఏమన్నాడు, ఆమె ఏమంది, క్యాంటీన్‌లో అరిచిందా లేదా. అధికారి టకటకా కొట్టుకుంటూనే ఉన్నాడు. నెల కిందట ఎవరైనా ఇంత శ్రద్ధగా అడిగి ఉంటే ఆమె పొంగిపోయేది. ఇవాళ తన పోరాటమే తన నోరు నొక్కుతుంటే ఆమెకి తల పగలగొట్టుకోవాలనిపించింది.

"కార్డు గోల వదిలెయ్యండి సార్!" అని అరిచింది. బ్యాగులోంచి కార్డు తీసి మేనేజరు ముందు పడేసింది. "ఇదిగో మీ కార్డు, మీరే ఉంచుకోండి. అడగాల్సింది గార్డు గురించి. అది ఆగదని నాకు ముందే తెలుసు. అంతకుముందు వారం నా చెయ్యే లాక్కోబోయింది."

అధికారి కళ్ళజోడు సర్దుకున్నాడు. "అంటే, రోలరు మీ చెయ్యి పట్టుకుంది, మీరు లాక్కున్నారు. అంతేనా?"

"నేను లాక్కోలేదండి. ప్రభువు తీశాడు."

"చూడండమ్మా, ఇక్కడ మతం వద్దు. జరిగింది చెప్పండి."

"జరిగిందే చెబుతున్నానండి. నాకు లాక్కునే టైము ఎక్కడుంది? ఆయనే తీశాడు."

అధికారి ఒక క్షణం ఆలోచించాడు. "సరే. 'చెయ్యి బయటికి వచ్చింది' అని రాసుకుంటాను."

"దానంతటదే వచ్చిందా సార్? మీరెలాగైనా రాసుకోండి. నాకు మాత్రం ఆ మాట తీసేస్తే మిగతాది చెప్పడం రాదు."

ఆయన నిట్టూర్చాడు. "దీనికి రుజువేమైనా ఉందా? ఆ సంగతి మీరు ఎవరికైనా చెప్పారా?"

ఆ ప్రశ్న వస్తుందని ఆమెకి తెలుసు. రాత్రంతా దానికోసమే మేలుకుంది. చెప్పలేదని ఊరుకోవచ్చు. అప్పుడు ఆమె మాటకీ సూపర్‌వైజరు మాటకీ తేడా ఉండదు, లాజిక్కు ఉద్యోగం పోతుంది, ఆమె మాత్రం లాజిక్కు కళ్ళలో మంచి మనిషిగా మిగులుతుంది. చెబితే రుజువు దొరుకుతుంది, ఆ కళ్ళు పోతాయి. ఎదురుగా తెల్లకట్టు. ఆమె ఫోను తీసింది.

"చెప్పానండి. మా సంఘంలో. ఇక్కడ కాదు."

వీడియో వెతికి బల్ల మీద పెట్టింది. అందరూ వంగారు. తెర మీద హల్లెలూయా వెలిగిపోతోంది. చేతులు ఊపుతోంది, గొంతు గణగణలాడుతోంది. "ఆ గార్డు కట్టేసి ఉంది సహోదరులారా! మనిషి గార్డుని కట్టగలడేమో గానీ..." వెంటనే స్తోత్రాల హోరు. కింద తేదీ స్పష్టంగా ఉంది, ప్రమాదానికి ముందటి ఆదివారం. మేనేజరు చాలా గౌరవంగా తల దించుకుని విన్నాడు. సూపర్‌వైజరు కూలబడ్డాడు. తెర వైపు చూడనిది లాజిక్కు ఒక్కతే. ఆ పిల్ల మొదటి నుంచి చివరిదాకా హల్లెలూయానే చూసింది. హల్లెలూయా తల వంచుకోవాలనుకుంది గానీ, వంచుకోవడానికి తనకి హక్కు లేదనిపించి అలాగే నిలబడింది.

"ఇంకేం అక్కర్లేదు," అన్నాడు అధికారి ల్యాప్‌టాప్ మూస్తూ. సూపర్‌వైజరుని అప్పటికప్పుడే పనిలోంచి తప్పించారు. లాజిక్కు తప్పేం లేదని, ఆమె ఉద్యోగం ఎక్కడికీ పోదని చెప్పాడు. తెలిసి కూడా చెప్పనందుకు హల్లెలూయాని యంత్రం దగ్గర నుంచి మార్చి, మురికి దుప్పట్లు విడదీసే గదికి వెయ్యమన్నాడు. కార్డు మేనేజరు బల్ల మీదే ఉండిపోయింది.

గేటు బయట లాజిక్కు ఆగి ఉంది. హల్లెలూయా ఆ పిల్ల దగ్గరికి వెళ్ళింది. క్షమించమ్మా అన్న మాట నోటిదాకా వచ్చి, మరీ చిన్నదిగా అనిపించి ఆగిపోయింది.

"నాకొకటి చెప్పు అక్కా," అంది లాజిక్కు. గొంతులో ఎగతాళి లేదు. అదే హల్లెలూయాకి భయం వేసింది. "నీ చెయ్యి మీ దేవుడు తీశాడన్నావు. అంతమందిలో, ఆ కళ్ళజోడాయన వద్దంటున్నా వినకుండా అన్నావు. సరే, తీశాడే అనుకుందాం. మరి నా చెయ్యి తీయలేదేం? నమ్మలేదనా? దీంట్లో లాజిక్ ఏంటి?"

ఇన్నేళ్ళ వాదనల్లో ఇలాంటి ప్రశ్నలకి హల్లెలూయా దగ్గర జవాబులు దొంతర్లుగా ఉండేవి. దుప్పటి విదిలించినంత సులువుగా విదిలించేది. ఇప్పుడు ఒక్కటీ చేతికి రాలేదు. ఇన్ని రోజులుగా కోపం తిరిగి తిరిగి వచ్చి ఆగిన చోటు మాత్రం ఉంది. ఈసారి గిన్నెల దగ్గరికి పారిపోవడానికి లేదు.

"నీ చెయ్యి తీసే పని నాకు చెప్పాడే," అంది. "నా చెయ్యి తీసింది అందుకే. వెళ్ళి చెప్పమని. నేను ఆఫీసు గదికెళ్ళి మేనేజరుకి చెప్పకుండా, సంఘానికెళ్ళి చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను."

లాజిక్కు కట్టు కట్టిన చెయ్యిని రెండో చేత్తో పట్టుకుని, రోడ్డు మీద పోయే బండ్లని చూస్తూ నిలబడింది. కళ్ళు తుడుచుకోబోయి, అలవాటుగా కుడిచెయ్యి ఎత్తి, మళ్ళీ దించేసింది.

"వీడియోలో చాలా బాగా మాట్లాడావు," అంది చివరికి.

హల్లెలూయాకి చెంప పగిలినట్టయింది.

"ఇప్పుడు నాకు చెప్పావే, ఇది. ఇది అక్కడ చెప్తావా? వాళ్ళందరి ముందూ?"

"చెప్తాను."

"ఈ ఆదివారం?"

"ఈ ఆదివారమే."

"అయితే నేనూ వస్తాను," అంది లాజిక్కు. "వెనకాల కూర్చుంటాను. చెప్తావో లేదో చూస్తాను."

అని వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళుగా ప్రతి శనివారం బతిమాలినా రానన్న మనిషి, మొట్టమొదటిసారి సంఘానికి వస్తానంది. హల్లెలూయా గేటు ఊచ పట్టుకుని నిలబడింది. అలవాటైన ఆ హల్లెలూయా మాట నోటికి రాలేదు.